మామూలు సైకిల్‌కి కరెంటు మోటారు: మెహిదీపట్నం నుంచి గచ్చిబౌలికి ఏ కిట్, ఏ బ్యాటరీ?

(ఆన్‌లైన్ చర్చ. ప్రతి జవాబు పైన ఉన్నది రాసినవాళ్లు పెట్టుకున్న పేరు.)

టోలిచౌకి టర్నింగ్:

మెహిదీపట్నం నుంచి గచ్చిబౌలికి రోజూ ఆఫీసు. ఒకవైపు 11 కిలోమీటర్లకు అటూ ఇటూ. టోలిచౌకి, షేక్‌పేట మీదుగా పోవాలి. రాయదుర్గం వైపు ఎక్కుడు మొదలవుతుంది, పొద్దున పూట కాళ్లు లాగేది అక్కడే. నేను, బ్యాగు కలిపి 76 కిలోలు.

ఇంట్లో రెండు సైకిళ్లున్నాయి. ఒకటి 26 అంగుళాల చక్రాలది: ఇనుప ఫ్రేము, గేర్లు లేవు, రెండు వైపులా వీ-బ్రేకులు, ముందు స్ప్రింగు ఫోర్కు. రెండోది నాన్నగారి పాత నల్ల సైకిల్: 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు, రాయిలా గట్టిది. మనసు దాని మీదే ఉంది.

ఏ సైకిల్‌కి పెట్టాలి? మోటారు ముందు చక్రానికా, వెనక చక్రానికా? 36 వోల్టులా, 48 వోల్టులా? బ్యాటరీ ఎంత ఉండాలి? యూపీఎస్‌లో వాడే లెడ్ బ్యాటరీలు మూడు కలిపితే చవకలో పోతుందంటున్నారు, నిజమేనా? అమ్మేవాళ్లంతా ఒక్క ఛార్జికి 50 కిలోమీటర్లు అంటున్నారు. రిజిస్ట్రేషన్ గొడవ ఏమైనా ఉందా? వానాకాలం సంగతి కూడా చెప్పండి.


ఇరుసు:

ముందు సైకిల్ సంగతి తేల్చుకుందాం. మోటారు ఎవరైనా అమ్ముతారు, దాన్ని మోసే గాడి (ఫ్రేములో ఇరుసు కూర్చునే చీలిక), ఆపే బ్రేకు మీ సైకిల్‌లో ఉండాలి.

నల్ల సైకిల్ వద్దు. గట్టిదే, కాదనను. కానీ దాని 28 × 1½ రిమ్ములో టైరు కూర్చునే వ్యాసం 635 మిల్లీమీటర్లు. బజార్లో '28 అంగుళాల కిట్' అని అమ్మేది 700సి రిమ్ము, దాని వ్యాసం 622. మీ పాత టైరు దాని మీద నిలవదు. అంతకన్నా పెద్ద చిక్కు, రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్మును లోపలివైపు నుంచి పైకి లాగి పట్టుకుంటాయి. కిట్‌తో వచ్చే రిమ్ముకు ఆ ఆకారమే ఉండదు, కాబట్టి బ్రేకు అసలు అందదు. ఇక పాత రిమ్ముతోనే నడిపిద్దామంటే, క్రోమ్ రిమ్ము వానలో తడిస్తే మామూలుగా తొక్కినప్పుడే ఆగదు. 25 కిలోమీటర్ల వేగంలో, అదనంగా ఆరేడు కిలోల బరువుతో ఎక్కడ ఆగుతుందో మీరే ఊహించుకోండి.

26 అంగుళాలదానికే పెట్టండి, వెనక చక్రానికి. స్ప్రింగు ఫోర్కు ఉన్న సైకిల్‌కి ముందు మోటారు పెట్టకూడదు. హబ్ మోటారు, అంటే చక్రం నడుమ ఉండేది, చక్రాన్ని ముందుకు తిప్పుతుంటే ఇరుసు అంతే బలంతో వెనక్కి తిరగబోతుంది. ఆ బలమంతా ఇరుసుకు ఇరుపక్కలా ఉన్న 10 మి.మీ. పలకల మీద, వాటిని పట్టుకున్న గాడి పెదవుల మీద పడుతుంది. 40 న్యూటన్ మీటర్ల తిప్పే బలమున్న మోటారుకు అది వందల కిలోల తోపుడు. స్ప్రింగు ఫోర్కుల కింది భాగం చాలావాటిలో పోత అల్యూమినియం. అది వంగదు, ఒక్కసారిగా పగులుతుంది. ముందు చక్రం ఊడితే పడేది ముఖం మీదే.

కిట్ కొనేముందు వెనక గాడి లోపలి వెడల్పు కొలవండి, ఇటు పలక నుంచి అటు పలకకు. వెనక హబ్ మోటార్లకు సాధారణంగా 135 మి.మీ. కావాలి. గేర్లు లేని సైకిళ్లు చాలావరకు 110–120 మధ్యలో ఉంటాయి. ఇనుప ఫ్రేము కాబట్టి విప్పదీయవచ్చు, కానీ రెండు చేతులతో లాగి ఇరికిస్తే ఒక వైపే వంగి చక్రం పక్కకు పోతుంది. రెండు వైపులా సమానంగా విప్పి, గాడులు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. 10 మిల్లీమీటర్లు దాటి విప్పాల్సి వస్తే ఫ్రేము పని తెలిసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి. అల్యూమినియం ఫ్రేమైతే ఈ ఆలోచనే పెట్టుకోవద్దు.

మోటారు రకానికి వస్తే, లోపల పళ్లచక్రాలున్న గేర్డ్ హబ్ తీసుకోండి, 36 వోల్టులు, 250 వాట్లు. బరువు రెండున్నర, మూడు కిలోలు. కరెంటు లేనప్పుడు లోపలి క్లచ్ వదిలేస్తుంది కాబట్టి మామూలు సైకిల్‌లాగే తొక్కొచ్చు. గేర్లు లేని డైరెక్ట్ డ్రైవ్ మోటారు సద్దు చేయదు, చాలాకాలం మన్నుతుంది. కానీ దాని బరువు దాదాపు రెట్టింపు, బ్యాటరీ అయిపోతే కాళ్లకు ఎదురు లాగుతుంది, ఆగి ఆగి పోయే ఊళ్లో బ్యాటరీని ఎక్కువ తాగుతుంది. సాఫీ హైవేకి అది, టోలిచౌకికి ఇది.

ఇంకొకటి అమ్మేవాణ్ని తప్పక అడగండి: మోటారు నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుంది? 26 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 2.07 మీటర్లు పోతుంది, గంటకు 25 కిలోమీటర్లంటే నిమిషానికి 201 చుట్లు. 200–260 మధ్య ఉన్న మోటారు తీసుకోండి. 320 పైన ఉన్నది చిన్న చక్రాల కోసం చేసింది. దాన్ని 26లో పెడితే ఖాళీ రోడ్డు మీద ఉరుకుతుంది, ఎక్కుడులో వేడెక్కి నీరసపడుతుంది.

ఎక్కుడు లెక్క కూడా చూడండి. మీరు, సైకిల్, కిట్ కలిపి 100 కిలోలనుకుందాం. నూరు మీటర్లకు ఐదు మీటర్లు లేచే రోడ్డు మీద గంటకు 15 కిలోమీటర్లతో పోవాలంటే చక్రం దగ్గర 260–270 వాట్లు కావాలి. మీరు మామూలుగా తొక్కినా 80–100 వాట్లు ఇస్తారు, మిగతాది మోటారుకు సుఖంగా సరిపోతుంది. కాళ్లు ఆపేసి యాక్సిలరేటర్ ఒక్కటే తిప్పితే వేగం పదికి పడిపోతుంది. ఆ వేగంలో మోటారుకు అందే కరెంటులో పెద్ద భాగం వేడిగా పోతుంది, లోపలి నైలాన్ పళ్లు అరిగేది కూడా అప్పుడే.


రాణిగంజ్ పానా:

లెక్క మంచిగ చెప్పిన్రు. బిగించేటప్పుడు ఏడేడ దెబ్బ తింటరో గది నేను చెప్త.

కిట్ల వచ్చే చక్రం మోటారుకు పుల్లలేసి రెడీగనే వస్తది గాని, నూటికి తొంబై చక్రాలు సరిగ్గ సాపు ఉండయి. టైరు ఎక్కించకముందే ట్రూయింగ్ జేయించాలె. పుల్ల పుల్ల చేత్తోటి గుంజి చూడుర్రి, ఒక్కటి వదులున్నా పక్కదాని మీద బరువు వడ్తది. వందో నూటయాభయ్యో కిలోమీటర్లు తిరిగినంక మల్ల ఒకసారి బిగించాలె. మోటారు చక్రాలకు పుల్లలు తెగేది ఈ ఒక్క పని మర్చిపోతేనే.

ఫ్రీవీల్ కొత్తదే కొనుర్రి. మోటారు మీది మర 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు, మన మామూలు ఫ్రీవీల్ గదే మర. పాతది ఇప్పాల్నంటే దాని టూల్ ఉండాలె, సుత్తెతోని కొడ్తే పళ్లు పోతయి. మరకు గ్రీజు పెట్టి ఎక్కించుర్రి, లేకుంటె రేపు ఇప్పరాదు. ముందు పళ్లచక్రం 44 పళ్లు, వెనక 18 అయితే 25 స్పీడుల కాళ్లు నిమిషానికి 82 సార్లు తిరగాలె, జర ఉరుకులాట. 16 పళ్లది ఏస్తే 73కు దిగుతది, సుఖం.

ఇరుసు గాడిల కూసోకుంటె ఆకురాయితోని రుద్దుర్రి, గాని రుద్దేది గాడి గోడలే, అడుగు గాదు. రంగు మాత్రం గీకెయ్యాలె, రంగు మీద బిగిస్తే నాలుగు దినాలకు రంగు నలిగి నట్టు వదులైతది. మొన ఉన్న వాషర్ మొన గాడిలకు వోవాలె, ఉత్తగ తిప్పి పెడ్తే దానికి పని లేదు. ఒక పక్కనన్న టార్క్ ఆర్మ్ (ఇరుసు తిరగకుండ పట్టే ఇనుప పట్టి) ఎయ్యుర్రి, ఫ్రేము గొట్టానికి క్లిప్పుతోని. నట్టు 35–40 న్యూటన్ మీటర్లు బిగించాలె. టార్క్ పానా లేకుంటె అడుగు పొడవు పానా కొసన 13 కిలోల బరువు ఏసినంత జోరు అనుకోండి. మొదటి దినం తిరిగొచ్చినంక మల్ల చూడుర్రి, తప్పకుంట కొంచెం తిరుగుతది.

వైరు ఇరుసుల నుంచి బయటికొచ్చే కాడ కిందికి చూడాలె. పైకి పెట్టి మలిపితే వాన నీళ్లు వైరు వట్టుకొని సీదా మోటారుల దిగుతయి.

బ్రేకుల సంగతి ఎవ్వరు చెప్పరు. కిట్ల వచ్చే కటాఫ్ లివర్లు (బ్రేకు వడితే మోటారుకు కరెంటు బంద్ జేసేటియి) శానా వరకు మామూలు కేలిపర్ బ్రేకు కోసం జేసినయి, తీగ తక్కువ గుంజుతయి. వీ-బ్రేకుకు తీగ ఎక్కువ గుంజాలె. గవి పెడ్తే లివర్ హ్యాండిల్‌కు తాకినా బ్రేకు సగమే వడ్తది. మీ పాత లివర్లే ఉంచి, తీగ మీద బిగించే కటాఫ్ సెన్సరు గాని లివర్‌కు అంటించే అయస్కాంతం సెన్సరు గాని తీస్కోండి. బ్రేకు రబ్బర్లు కూడ కొత్తయి ఏస్కోవాలె, గదేం పెద్ద ఖర్చు గాదు.


పది సెల్లు:

బ్యాటరీ నేను చెప్తాను. మొత్తం ఖర్చులో దాదాపు సగం దీనిదే, మోసపోయేదీ దీని దగ్గరే.

ముందు ఎంత కావాలో చూద్దాం. చదునైన రోడ్డు మీద గంటకు 22 కిలోమీటర్లతో, తొక్కకుండా పోతే కిలోమీటరుకు ఏడెనిమిది వాట్ అవర్లు చాలు. కానీ ప్రతి సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ ఆ వేగం అందుకోవడానికి సుమారు 1 వాట్ అవర్ పోతుంది. మీ దారిలో సిగ్నళ్లు, యూటర్న్‌లు, అడ్డొచ్చే ఆటోలు అన్నీ కలుపుకుంటే కిలోమీటరుకు 10–12 పెట్టుకోండి. తొక్కుతూ పోతే ఆరు నుంచి ఎనిమిదికి దిగుతుంది. రానుపోను 22 కిలోమీటర్లు, 12 చొప్పున 264. 36 వోల్టులు 10 ఏహెచ్ (యాంపియర్ అవర్లు) అంటే 360 వాట్ అవర్లు. అందులో 80 శాతం వాడుకుంటే 288. సరిగ్గా సరిపోతుంది, రెండేళ్లకు కెపాసిటీ కాస్త తగ్గినా తొక్కుతూ నెట్టుకురావచ్చు. 7.8 ఏహెచ్ తీసుకుంటే ఆఫీసులో ఛార్జింగు పెట్టుకోవాలి. అంతకంటే చిన్నది వద్దు.

50 కిలోమీటర్ల మాట అబద్ధమని అనలేం. 360ని 50తో భాగిస్తే కిలోమీటరుకు 7.2. ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో వేసిన సైకిల్ ట్రాకు లాంటి దారిలో, ఎక్కడా ఆగకుండా, తొక్కుతూ పోతే వస్తుంది. టోలిచౌకిలో రాదు.

లోపల ఏముంటుందంటే: మామూలు లిథియం అయాన్ ప్యాక్‌లో పది సెల్లు వరసగా ఉంటాయి, ఒక్కో వరసలో మూడో నాలుగో పక్కపక్కన. నిండితే 42 వోల్టులు, 33కి వచ్చిందంటే దాదాపు అయిపోయినట్టే. యాక్సిలరేటర్ మీదుండే నాలుగు లైట్లను నమ్మకండి, ఎక్కుడులో ఒకటి వెలుగుతుంది, దిగుడులో నాలుగూ వెలుగుతాయి. వోల్టులు చూపించే చిన్న మీటరు పెట్టుకోండి, ఆగి ఉన్నప్పుడు చదవండి. బ్యాటరీ నుంచి మోటారుకు కరెంటు పంపే డబ్బా, కంట్రోలర్, 15 యాంపియర్లు లాగుతుంది. మూడు సెల్లు పక్కపక్కన ఉంటే ఒక్కోదాని మీద 5 యాంపియర్లు, నాలుగుంటే 3.75. చవక సెల్లు 5 దగ్గర వేడెక్కుతాయి, త్వరగా ముసలివవుతాయి. అందుకే నాలుగేసి సెల్లు పక్కపక్కన ఉన్న ప్యాక్ అడగండి.

మోసం పట్టుకోవడానికి రెండు దారులు. ఒకటి తక్కెడ. ప్యాక్‌లలో వాడే గుండ్రటి 18650 సెల్ ఒకటి 45–48 గ్రాములు తూగుతుంది. 10 ఏహెచ్ ప్యాక్‌లో 40 సెల్లుంటే సెల్లే 1.8 కిలోలకు పైన. పెట్టెతో కలిపి కిలోన్నర కూడా రాకపోతే లోపల 40 సెల్లు లేవు. రెండోది బల్బులు. కార్లకు వాడే 12 వోల్టుల 55 వాట్ల హాలోజన్ బల్బులు మూడు వరసగా కలిపి, నిండా ఛార్జి చేసిన ప్యాక్‌కి తగిలించండి. నాలుగున్నర, ఐదు యాంపియర్ల మధ్య లాగుతాయి. నిజమైన 10 ఏహెచ్ అయితే దాదాపు రెండు గంటలు వెలగాలి. గంటంపావుకే ఆరిపోతే తిరిగిచ్చేయండి. బల్బులు చాలా వేడెక్కుతాయి, టైల్ మీద పెట్టండి, బల్ల మీద కాదు, దగ్గరే ఉండండి.

హైదరాబాద్ ఎండకు ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) ఇంకా నయం. వేడిని బాగా ఓర్చుకుంటుంది, ఎక్కువ ఛార్జింగులు వస్తుంది. పన్నెండు సెల్లు వరసగా, 38.4 వోల్టులు, నిండితే 43.8. కానీ బరువు: 6 ఏహెచ్ సెల్ ఒక్కోటి 140 గ్రాముల పైన, 12 ఏహెచ్ ప్యాక్‌కి 24 సెల్లు, అంటే మూడు కిలోలు దాటుతుంది. మీది పైకి మోసుకెళ్లాల్సిన మూడో అంతస్తు కాకపోతే నేను ఇదే చెప్తాను. ఒక్క జాగ్రత్త, దీని ఛార్జర్ దానికి పెట్టొద్దు. 43.8 వోల్టుల ఛార్జర్‌ని 42 వోల్టుల ప్యాక్‌కి తగిలిస్తే ఒక్కో సెల్‌కి 4.38 వోల్టులు. ప్యాక్ లోపలి కాపలా సర్క్యూట్ (బీఎంఎస్) ఆపితే సరి, ఆపకపోతే ఇల్లు తగలబడుతుంది.

లెడ్ బ్యాటరీల మాట: 12 వోల్టులు 7 ఏహెచ్‌వి మూడు కలిపితే ఆరున్నర కిలోలు. పేరుకు 252 వాట్ అవర్లు, కానీ గంటలో ఖాళీ అయ్యేంత వేగంగా లాగితే చేతికొచ్చేది అందులో అరవై శాతం దగ్గర. మీ రానుపోను ప్రయాణానికి చాలదు. రోజూ అడుగంటా వాడితే ఏడాది నిలవడమే కష్టం.

ఎండాకాలం: 45 డిగ్రీలు దాటిన సెల్‌ని ఛార్జి చేయకూడదు. మేలో ఎండలో నిలబెట్టిన నల్ల పెట్టె లోపల ఆ వేడి సులభంగా దాటుతుంది. ఇంటికి రాగానే ప్లగ్ పెట్టకండి, అరగంట నీడలో చల్లారనివ్వండి. 2 యాంపియర్ల ఛార్జర్‌తో 10 ఏహెచ్ నిండడానికి ఐదారు గంటలు. ఊరెళ్లి వారాల తరబడి వాడనప్పుడు నిండుగా ఉంచొద్దు, 37–38 వోల్టుల దగ్గర వదిలేయండి.


గుజరాతీ గల్లీ:

48 వోల్టులు కూడా ఒకసారి ఆలోచించండి బ్రదర్. ఎక్కుడులో తేడా తెలుస్తుంది, అదే శక్తికి యాంపియర్లు తక్కువ కాబట్టి వైర్లు చల్లగా ఉంటాయి. ఇంకా, నల్ల సైకిల్‌ని అంత తీసిపారేయకండి. ఫోర్కు ముక్క ముక్కా ఇనుము, ముందు మోటారుకు అంతకంటే మంచి ఫోర్కు ఇవాళ్టి సైకిళ్లలో దొరకదు. మోటారు విడిగా కొని పాత రిమ్ములోనే పుల్లలు వేయించుకోవచ్చు కదా.

వైరింగు గురించి రెండు మాటలు. బ్యాటరీ ప్లస్ దగ్గరే 20 యాంపియర్ల ఫ్యూజు ఉండాలి. కార్లలో వాడే మామూలు బ్లేడు ఫ్యూజు 32 వోల్టుల వరకే. 42 వోల్టుల దగ్గర అది కాలినా మధ్యలో నిప్పు ఆరకుండా అంటుకుని ఉండొచ్చు. 58 వోల్టుల రేటింగు ఉన్న బ్లేడు ఫ్యూజు గానీ, డీసీకి చేసిన ఎంసీబీ గానీ పెట్టండి. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ పనికిరాదు. మెయిన్ వైరు 2.5 చదరపు మి.మీ. రాగి, మీటరు లోపు పొడవు. కనెక్టరు ఎక్స్‌టీ60. తగిలించేటప్పుడు టప్పున మెరుపు వస్తే భయపడకండి, కంట్రోలర్‌లోని కెపాసిటర్లు ఒక్కసారిగా నిండుతున్నాయి. కానీ ఆ మెరుపు రోజూ కాంటాక్టుని తింటుంది. ముందు 100 ఓముల రెసిస్టరు మీదుగా ఒక క్షణం తగిలించి, తర్వాత అసలు కనెక్టరు నొక్కండి. లేదా మెరుపు రాని రకం ఎక్స్‌టీ90 కొనుక్కోండి.


ఇరుసు:

ఫోర్కు మాట ఒప్పుకుంటాను. రిమ్ము మాట కుదరదు. నల్ల సైకిల్ ముందు రిమ్ముకు 32 బొక్కలు, వెనక దానికి 40. హబ్ మోటార్లకు 36. పైగా ముందు గాడి 8 మి.మీ. ఇరుసు కోసం చేసింది, 10కి రుద్దాలి. ఇదంతా చేసినా చివరికి మిగిలేది రాడ్ బ్రేకే. కరెంటు ఆపే కటాఫ్‌కి తీగ లేదు, రాడ్‌కు విడిగా స్విచ్చి తగిలించాలి. చేతిపని సరదా ఉన్నవాళ్లు ఆదివారాలు చేసుకోవచ్చు, సోమవారం పొద్దున ఆఫీసుకు పోవాల్సినవాళ్లకు కాదు.

48 వోల్టులకు పోతే శక్తి, వేగం పెరుగుతాయి, అక్కడ అసలు ప్రశ్న చట్టం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 2(యు) ప్రకారం, మోటారు అరగంట పాటు ఇవ్వగల శక్తి 250 వాట్లలోపు ఉండి, వేగం 25 కిలోమీటర్లలోపు ఉంటేనే అది మోటారు వాహనం కాదు. పెడల్ సాయంతో నడిచే సైకిల్ అయితే 25కి చేరేలోపు శక్తి తగ్గుతూ వచ్చి ఆగిపోవాలి, తొక్కడం ఆపినా ఆగిపోవాలి. బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు దాటకూడదు. బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి. ఈ లెక్కలు సరిపోయాయని పరీక్షా సంస్థ ధ్రువీకరించాలన్న షరతు కూడా అందులోనే ఉంది. కాబట్టి కిట్ కొనేటప్పుడు ధ్రువపత్రం కాపీ అడగండి, ఇస్తే బిల్లుతో పాటు దాచుకోండి. 350, 500 వాట్ల కిట్ పెట్టుకుంటే రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఇన్సూరెన్సు, హెల్మెట్ అన్నీ వర్తిస్తాయి. ఇంట్లో బిగించుకున్న సైకిల్‌కి రిజిస్ట్రేషన్ ఇప్పించుకోవడం మన వల్ల అయ్యే పని కాదు. ఏదైనా గుద్దుడు జరిగినప్పుడు గానీ ఈ కాగితాల విలువ తెలియదు. 36 వోల్టులు, 250 వాట్లు, 25 దగ్గర ఆగేలా కంట్రోలర్ సెట్టింగు. ఇంకేం ఆలోచించొద్దు.


టోలిచౌకి టర్నింగ్:

నల్ల సైకిల్ నాన్నగారికే వదిలేస్తున్నాను. 26 అంగుళాలది, వెనక గేర్డ్ హబ్, 36 వోల్టులు, 10 ఏహెచ్. వెనక గాడి కొలిస్తే 126 వచ్చింది, విప్పించాలి. వాన సంగతి మిగిలింది. షేక్‌పేట వైపు గట్టి వాన పడితే రోడ్డు మీద నీళ్లు నిలుస్తాయి.


రాణిగంజ్ పానా:

వాన వడ్తే ఏంగాదు, మునిగితేనే ఖరాబు. 26 అంగుళాల చక్రానికి ఇరుసు నేల నుంచి సుమారు 33 సెంటీమీటర్లు. మోటారు అడుగు ఇంకా కిందికుంటది. నీళ్లు మోకాలి కింద సగానికొచ్చినయంటె దిగి, మోటారు బంద్ జేసి, పక్క నుంచి నడిపించుకపోవుడే. వేడి మీదున్న మోటారు సల్లటి నీళ్లల మునిగితే లోపటి గాలి కుంచించుకొని నీళ్లను లోపటికి గుంజుకుంటది, సీల్ ఉన్నా ఆగదు. మునిగినంక మల్ల నడిపిస్తే లోపట తుప్పు వట్టి హాల్ సెన్సర్లు (మోటారు తిరుగుడు కంట్రోలర్‌కు చెప్పేటియి) పోతయి. మూత ఇప్పి ఆరవెట్టి, పళ్లకు కొత్త గ్రీజు పెట్టాలె.

కంట్రోలర్‌ను సీటు కింద, వైర్లు కిందికొచ్చేటట్టు నిలువుగ పెట్టుర్రి. ప్రతి వైరు లోపటికి పోయే ముంగట ఒక వంపు కిందికి ఉండాలె, నీళ్లు ఆడికొచ్చి కారిపోతయి. కనెక్టర్లల్ల సిలికాన్ గ్రీజు కొంచెం కూరుర్రి. ఇన్సులేషన్ టేపు సుట్టుడు మాత్రం వద్దు, ఎండకు జిగురు కారి వానకు నీళ్లు పట్టి ఉంటది, లోపట రాగి పచ్చవడ్తది. డబ్బా మొత్తం హాట్ గ్లూతోని మూసుడు గూడ తప్పే, తడి ఎట్లనో లోపటికి పోతది, బయటికి రావాల్నంటె తొవ్వ ఉండది. కింద చిన్న బొక్క ఉంచుర్రి.


టోలిచౌకి టర్నింగ్:

కిట్ బిగింది. చక్రం లేపి యాక్సిలరేటర్ తిప్పితే బాగానే తిరుగుతోంది. రెండు చిక్కులు. పెడల్ ముందుకు తొక్కితే మోటారు అందుకోవడం లేదు, వెనక్కి తిప్పితే ఒక్కోసారి కదులుతోంది. ఇక రోడ్డు మీద, బరువు పడితే గరగరమని వణుకుతూ లేస్తోంది.


పది సెల్లు:

మొదటిది ఐదు నిమిషాల పని. క్రాంకు ఇరుసు మీద మీరు ఎక్కించిన, తొక్కుడును సెన్సరుకు తెలిపే అయస్కాంతాల బిళ్ల తిరగేసి పడింది. ఎడమ క్రాంకు విప్పి, అంటే కాటర్ పిన్ను ఉంటే దాన్ని మర చివర నలగకుండా చెక్క అడ్డుపెట్టి కొట్టి తీసి, బిళ్లను తిప్పి పెట్టండి. సెన్సరుకూ బిళ్లకూ మధ్య 1–3 మిల్లీమీటర్లే ఉండాలి. ఎక్కువైతే తొక్కుతుంటే మధ్యమధ్యలో వదిలేస్తుంది.

రెండోది, ముందు మూడు లావు వైర్లు చూడండి: పసుపు, ఆకుపచ్చ, నీలం. వాటి బుల్లెట్ కనెక్టర్లలో ఒకటి సగమే దూరి ఉంటే ఖాళీగా తిరిగినప్పుడు బాగానే ఉంటుంది, బరువు పడగానే వణుకుతుంది. కాసేపు నడిపి చేత్తో తాకి చూడండి, వేడిగా ఉన్నదే దోషి. రంగులు కలిశాయి కదా అని ఊరుకోవద్దు, మోటారు ఒకరిది, కంట్రోలర్ ఇంకొకరిది అయితే రంగుల వరస వేరు కావచ్చు. మీ కంట్రోలర్‌కి ఒక జత తెల్ల వైర్లు విడిగా ఉంటే అవి వరసను దానంతటదే నేర్చుకోవడానికి: చక్రం గాలిలో ఉంచి వాటిని కలపండి, మోటారు తిరగడం మొదలవుతుంది, వెనక్కి తిరిగితే ఒకసారి విప్పి మళ్లీ కలపండి, ముందుకు సాఫీగా తిరిగాక విప్పేయండి. విప్పడం మర్చిపోకండి.

అప్పటికీ వణికితే హాల్ సెన్సర్లు. మల్టీమీటరు 20 వోల్టుల డీసీలో పెట్టి, సన్న వైర్ల కనెక్టరు విప్పకుండా వెనక నుంచి గుచ్చండి. ఎరుపు, నలుపు మధ్య 5 వోల్టులు రావాలి. రాకపోతే తప్పు కంట్రోలర్ వైపు. వస్తే, నలుపు మీద ఒక కొస ఉంచి, రెండోది పసుపు, ఆకుపచ్చ, నీలం మీద ఒక్కోదానిమీద పెట్టి చక్రాన్ని చేత్తో మెల్లగా వెనక్కి తిప్పండి. గేర్డ్ హబ్ కాబట్టి ముందుకు తిప్పితే క్లచ్ వదిలేస్తుంది, లోపల మోటారు కదలదు, మూడూ పోయాయనుకుంటారు. వెనక్కి తిప్పుతుంటే ప్రతి వైరు సున్నా దగ్గరికి దిగి మళ్లీ 5 వైపు లేవాలి. ఎక్కడో ఒకచోట ఆగిపోయి కదలని వైరు ఏదైతే దాని సెన్సరు పోయినట్టు. కొత్త మోటారు కాబట్టి మూత విప్పకుండా అలాగే వారంటీకి ఇచ్చేయండి.